చలి కింది నుంచి వస్తుంది

(బి.యస్సీ. తృతీయ సంవత్సరం విద్యార్థి)

చలి అనగానే మనవాళ్లకు ముందు గుర్తొచ్చేది దుప్పటి. ఇంకా చలేస్తే ఇంకో దుప్పటి. అప్పటికీ ఆగకపోతే నిండా ముసుగు. చలికాలం వచ్చిందంటే దాతలు పంచేవి దుప్పట్లే, రోడ్ల పక్కన కుప్పలు పోసి అమ్మేవి దుప్పట్లే, హాస్టలుకు బయలుదేరే పిల్లవాడి పెట్టెలో తల్లి పెట్టేదీ దుప్పటే. చలి అనేది ఆకాశం నుంచి మన మీద రాలే వస్తువయినట్లు, దానికి అడ్డంగా పైన ఏదో ఒకటి కప్పుకుంటే చాలన్నట్లు మన ఆలోచన సాగుతుంది. వీపు కింద ఏముందని అడిగేవాళ్లు చాలా తక్కువ.

ఈ వ్యాసంలో నేను చెప్పదలచుకున్నది ఒక్కటే. పడుకున్న మనిషికి పైన కప్పేది ఎంత ముఖ్యమో కింద పరిచేది అంతకన్నా ముఖ్యం. కింద ఏమీ లేనప్పుడు పైన ఎన్ని కప్పినా నిద్ర పట్టదు. ఈ సంగతిని అన్నిటికన్నా స్పష్టంగా చూపించే పడక ఒకటుంది. ఈ మధ్య మన విద్యార్థులు క్యాంపులకు, ట్రెక్కింగులకు సంచిలో వేసుకుపోయి రెండు చెట్లకు కట్టుకుంటున్న హామక్ అనే ఊయలపడక. దాన్ని ఉదాహరణగా తీసుకుని ఈ మాట చెబుతాను.

కవితలూ, కథలూ, సంఘ సమస్యల మీద ఆవేశమైన వ్యాసాలూ ఉండే సావనీరులో పడక గురించి రాయటమేమిటని మిత్రులు నవ్వవచ్చు. నవ్వనివ్వండి. మనిషి బతుకులో మూడోవంతు పడక మీదే గడుస్తుంది. రాత్రి నిద్రలేనివాడు తెల్లారి చేసే విప్లవం ఎట్లా ఉంటుందో ఎనిమిది గంటల క్లాసులో మన బెంచీలను చూస్తే తెలిసిపోతుంది!

వేడి ఎటు పోతుంది?

శాస్త్ర ప్రకారం చలి రాదు, వేడి పోతుంది. ఊరికే పడుకున్న మనిషి ఒళ్లు దాదాపు 80 వాట్ల వేడిని పుట్టిస్తూ ఉంటుంది. పాతకాలపు గుండ్రటి బల్బు ఒకటి వెలుగుతున్నట్లన్నమాట. ఈ 80 వాట్లు ఎంత వేగంగా పుడతాయో అంతే వేగంగా బయటకు పోతే ఒంటికి హాయి. అంతకన్నా ఎక్కువ పోతే వణుకు.

వెచ్చదనాన్ని ఆపేది గుడ్డ కాదు, గుడ్డలో చిక్కుకుని కదలకుండా ఉన్న గాలి. కదలని గాలి వేడిని మోయటంలో మహా సోమరి. దాని ఉష్ణవాహకత మీటరుకు డిగ్రీకి సుమారు 0.025 వాట్లు మాత్రమే. నీటిది దానికి ఇరవై రెట్లకు పైన. ఉన్ని, దూది, ఈకలు వెచ్చగా ఉండటానికి కారణం అవి తమ పోగుల మధ్య గాలిని బంధించి పెట్టుకోవటమే. కౌంట్ రమ్‌ఫర్డ్ అనే శాస్త్రవేత్త పద్దెనిమిదో శతాబ్దం చివర్లో ఉన్ని, బొచ్చు, ఈకలు మొదలైనవాటి మీద ప్రయోగాలు చేసి వాటిలో చిక్కుకున్న గాలి పాత్రను గుర్తించాడు. వేడి మీద ఆయన రాసిన పత్రాలకు 1792లో రాయల్ సొసైటీ వారి కాప్లీ పతకం వచ్చింది. ఫిరంగి గొట్టాల తొలుపుడు ప్రయోగం వల్ల ఆయన పేరు మనం తరగతిలో విన్నాం గానీ, మన దుప్పటి సంగతి కూడా ఆయనే చూశాడని మనకు ఎవరూ చెప్పలేదు.

ఇప్పుడు హామక్ దగ్గరికి వద్దాం. ఖరీదైన స్లీపింగ్ బ్యాగులోనే దూరి హామక్‌లో పడుకున్నామనుకోండి. పైభాగం బురబుర పొంగి ఉంటుంది, గాలి నిండి ఉంటుంది, వెచ్చగా ఉంటుంది. కానీ కిందిభాగం మన బరువుకు అణిగిపోయి అట్టలాగా అవుతుంది. అందులో గాలి లేదు. గాలి లేనప్పుడు అది ఉన్నా లేనట్లే. పైగా నేల మీద పడుకుంటే కింద గాలి ఆడదు. హామక్ కింద నుంచి రాత్రంతా గాలి వీస్తూనే ఉంటుంది, వేడిని ఎప్పటికప్పుడు ఎత్తుకుపోతూనే ఉంటుంది. వేడి పాలగ్లాసును ఊది చల్లార్చినట్లు మన వీపును ఆ గాలి చల్లారుస్తుంది.

మాటలతో నమ్మనివారి కోసం చిన్న లెక్క. బయట 10 డిగ్రీలు, చర్మం 33 డిగ్రీలు, తేడా 23. హామక్ గుడ్డకు ఆనే వీపుభాగం దాదాపు అర చదరపు మీటరు అనుకుందాం. అణిగిన దుప్పటి మందం 2 మిల్లీమీటర్లు, దాని వాహకత 0.05 అయితే నిరోధం 0.04. మెల్లగా వీచే గాలి పొర నిరోధం సుమారు 0.1. రెండూ కలిపి 0.14. వీపు నుంచి పోయే వేడి 0.5 × 23 ÷ 0.14, అంటే 82 వాట్లు. ఒళ్లంతా కలిసి పుట్టించే వేడి మొత్తం వీపు ఒక్కటే ఖర్చు పెట్టేస్తుందన్నమాట! అసలు జరిగేదేమిటంటే అంత వేడి ఇవ్వలేక వీపు చర్మం చల్లబడిపోతుంది, మనకు మెలకువ వస్తుంది. ఇక అదే వీపు కింద 0.04 వాహకత గల 2 సెంటీమీటర్ల మెత్తను వేస్తే నిరోధం మరో 0.5 పెరుగుతుంది. అప్పుడు పోయేది 18 వాట్లే. పైన ఇంకో పది దుప్పట్లు కప్పినా రాని తేడా కింద రెండు సెంటీమీటర్లతో వచ్చింది.

అందుకే అనుభవం గల క్యాంపువాళ్లు మెత్తటి బొంత ఒకటి హామక్ లోపల కాకుండా బయట, అడుగున వేలాడదీస్తారు. దాని మీద బరువు పడదు కనుక అది అణగదు. అణగదు కనుక గాలి పోదు. దాన్ని అండర్‌క్విల్ట్ అంటారు. అది వీపుకు ఆనీ ఆననట్లు తగులుతూ ఉండాలి. జానెడు ఎడం ఉంటే సందులోంచి గాలి దూరుతుంది, బిగదీసి కడితే అణిగిపోతుంది. ఇంత తెలివైన పరికరంలో ఉన్న సూత్రం మాత్రం మనం ఇంటర్మీడియట్‌లో చదివిందే.

హామక్ పుట్టినచోట

ఈ పడక పుట్టినిల్లు అమెరికా ఖండపు వెచ్చటి ప్రాంతాలు. 1492లో కొలంబస్ అక్కడి దీవుల్లో దిగినప్పుడు నూలు వలల్లాంటి పడకల్లో జనం పడుకోవటం చూశాడు. హామక్ అన్న మాట కూడా అక్కడి టైనో జనుల భాష నుంచి వచ్చిందే. తేమ నేల, పురుగూ పుట్రా, పాములు ఉన్నచోట నేలకు అందకుండా పడుకోవటం ఎంత తెలివైన పనో రైతుబిడ్డలకు వేరే చెప్పనక్కరలేదు. గాలి కిందినుంచి ఆడటం ఆ ఉక్కలో వాళ్లకు వరం.

ఆ వెచ్చటి అడవుల్లో కూడా తెల్లవారుజామున చలి ఉంటుంది. బ్రెజిల్, వెనిజులా సరిహద్దు అడవుల్లో ఉండే యానోమామి జనులు తమ ఊయలపడకలను పొయ్యి చుట్టూ కట్టుకుంటారు. రాత్రంతా ఆ నిప్పు సెగ పక్క నుంచీ కింద నుంచీ తగులుతూ ఉంటుంది. ఆ తరువాత ఐరోపా నావికులు ఈ పడకను ఓడల్లోకి తెచ్చుకున్నారు. బ్రిటిషు యుద్ధనౌకల్లో ఒక్కొక్క నావికుడికి పడక కట్టుకోను ఇచ్చిన వెడల్పు 14 అంగుళాలే. అంత ఇరుకులోనూ ఆ నావికుడు తన ఊయలలో పలచని పరుపు ఒకటి పరుచుకునే పడుకునేవాడు. అంటే ఈ పడకను వాడిన జనమంతా కింది సంగతి ముందు చూసుకున్నారు. మనం బజారులో కొనేటప్పుడు మాత్రం గుడ్డ వచ్చింది, తాళ్లు వచ్చాయి, రంగు బాగుందని చూస్తాం. అడుగున వేసేదాన్ని విడిగా కొనుక్కోవాలని ఆ సంచి మీద రాసి ఉండదు. స్లీపింగ్ బ్యాగు మీద ఇన్ని డిగ్రీల దాకా పనికొస్తుందని రాసే అంకె కూడా కింద చాప పరిచి పరీక్షించిన మీదట వేసిందే. చాప తీసేస్తే ఆ అంకెకు విలువ లేదు.

మన మంచె, మన తొట్టెల

ఇదంతా పరాయి దేశపు ముచ్చట అని కొందరు అనుకోవచ్చు. మా ఊరి చేలలో ఉండే మంచెను తీసుకోండి. నాలుగు గుంజలు పాతి, పైన కట్టెలు పరిచి, మీద గడ్డి కప్పు వేస్తే మంచె. అడవి పందులకు భయపడి మా నాయన మొక్కజొన్న కంకి పాలు పట్టినప్పటి నుంచి కోత దాకా దాని మీదే పడుకుంటాడు. యాసంగి పంటకు ఆ రోజులు సరిగ్గా చలిలో పడతాయి. మంచె కూడా నేలకు అందని పడకే. కట్టెల సందుల్లోంచి గాలి ఈదురుగా కొడుతుంది. హామక్‌కు ఉన్న జబ్బే దానికీ ఉంది.

మందు కూడా అక్కడే ఉంది. కట్టెల మీద ముందు జానెడు మందాన వరిగడ్డి, దాని మీద గోనెపట్టా, దాని మీద గొంగడి. ఆ తరువాతనే కప్పుకునే దుప్పటి. వరిగడ్డి పోచ బోలుగా ఉంటుంది, లోపల గాలి, పోచకూ పోచకూ మధ్య గాలి. గొంగడి మా ప్రాంతపు నల్ల గొర్రెల ఉన్నితో కురుమలు నేసింది. చింతగింజల గంజి పెట్టటం వల్ల బిరుసుగా ఉంటుంది, తొందరగా అణగదు. ఉన్ని తన బరువులో దాదాపు మూడోవంతు తేమను పీల్చుకుని కూడా తడిసినట్లు అనిపించదు కాబట్టి మంచుకు భయం లేదు. మా తాతల నాడు ఒక గొంగడి అంటే వానకు గొడుగు, చలికి పరుపు, ఎండకు నీడ, గింజలు మోయను మూట.

రెండేళ్ల కింద మా మేనమామ పట్నం నుంచి నాయనకు మింక్ బ్లాంకెట్లని రెండు తెచ్చిపెట్టాడు. పులి బొమ్మ, పట్టులాంటి మెత్తదనం. ఇంట్లో అందరికీ మోజే. ఎలుకలు కొట్టిన పాత గొంగడిని మూలకు వేశారు. నాయన ఆ రెండూ కప్పుకుని మంచె మీద పడుకున్నాడు. వారం తిరగకముందే నడుము పట్టేసింది. తెల్లారి నాలుగింటికి లేచి మంచె దిగి, చేను గట్టున చలిమంట వేసుకుని కూర్చునేవాడు. పందులను కాయను పోయినవాడు చలిని కాయవలసి వచ్చింది. మా నాయనమ్మ చూసి ఒకటే మాట అన్నది. "కింద లేనిది మీదెంత కప్పితే ఏం లాభం కొడుకా? వీపుకు చలి, పొట్టకు దుప్పటా?" ఆ పాత గొంగడికి గోనెపట్టా కలిపి కుట్టి గడ్డి మీద పరిపించింది. ఆ రాత్రి నుంచి ఒక్క బ్లాంకెట్‌తోనే నాయన కోడి కూసేదాకా పడుకున్నాడు. రెండోది ఇంటికొచ్చింది.

మా నాయనమ్మ బడి ముఖం చూడలేదు. చంటిపిల్లకు పాత చీరతో తొట్టెల కట్టినప్పుడు కూడా ఆమె ముందు చూసేది బొంతనే. పాత చీరలు నాలుగైదు పొరలు కలిపి కుట్టిన బొంతను తొట్టెలలో పరిచి, దాని మీద పిల్లను పడుకోబెడుతుంది. తొట్టెల అంటే ఏమిటి? పిల్లల హామక్. బొంత అంటే ఏమిటి? దాని అడుగుమెత్త. వేల మైళ్ల అవతలి క్యాంపు సామాన్ల దుకాణం చెప్పే పాఠం మన ఇంటి దూలానికి వేలాడుతూనే ఉంది. ఎండాకాలంలో ఆమే ఆ బొంత తీసేసి ఉత్త చీరలో పడుకోబెడుతుంది. వాకిట్లో నులకమంచం మీద మనం ఏమీ పరుచుకోకుండా పడుకునేదీ అందుకే. కింది గాలి మేలు చేసే కాలమేదో, కీడు చేసే కాలమేదో ఆ ముసలమ్మకు తెలుసు.

క్యాంపులో చూసిన ముచ్చట

గత డిసెంబరులో ఎన్.ఎస్.ఎస్. క్యాంపు ఒక పల్లెలో జరిగింది. బడిగదులు చాలక మేము పదిమందిమి చెరువుకట్ట కింద మామిడితోటలో పడుకున్నాం. నలుగురు హామక్‌లు తెచ్చుకున్నారు. మొదటి రాత్రి వాళ్ల హుషారు చూడాలి! పాటలు, ఫోటోలు, ఊగటాలు. రెండు గంటలు దాటేసరికి ఒక్కొక్కరే దిగటం మొదలుపెట్టారు. ఒక మిత్రుడు స్వెట్టరు మీద స్వెట్టరు వేసి, రెండు రగ్గులు కప్పుకుని, చివరకు నా పక్కన గడ్డిలో వచ్చి పడుకున్నాడు. "ఇంత కప్పుకున్నా వీపులో ఐసుగడ్డ పెట్టినట్లుంది రా" అన్నాడు. థర్మామీటరు చూస్తే 13 డిగ్రీలు. మన ఆదిలాబాదు చలితో, లంబసింగి చలితో పోలిస్తే అది చలే కాదు.

మరునాడు ఒక పని చేశాం. ఊళ్లో పాత చీర ఒకటి అడిగి తెచ్చి, హామక్ అడుగున నాలుగు మూలలా తాళ్లకు కట్టి, చీరకూ హామక్‌కూ మధ్య పొడి వరిగడ్డి కూరాం. చూడను వికారంగా ఉంది. ఆడపిల్లలు పకపక నవ్వారు. రాత్రి ఆ మిత్రుడు ఒక్క రగ్గుతో పడుకుంటే పొద్దున కాఫీకి లేపవలసి వచ్చింది. ఖర్చు శూన్యం. మూడోరోజుకు నాలుగు హామక్‌ల కిందా నాలుగు చీరలు వేలాడుతున్నాయి.

సుఖంగా పడుకోవటానికి నాలుగు మాటలు

వెచ్చదనం ఒక్కటే కాదు, ఒళ్లు సుఖంగా కూడా ఉండాలి కదా. తాడు బిగదీసి కడితే పడక చదునుగా ఉంటుందని చాలామంది భ్రమ. తాడు అడ్డగీతతో 30 డిగ్రీల కోణం చేసేటట్లు కొంచెం వదులుగా కడితే 60 కిలోల మనిషికి ఒక్కొక్క తాడు మీద పడే లాగుడు 60 కిలోలే. అదే 10 డిగ్రీలకు బిగిస్తే 173 కిలోలు. తాడు తెగినా, కొమ్మ విరిగినా నడుము మనది. బలాల సమాంతర చతుర్భుజ సూత్రం పరీక్ష కోసమే కాదన్నమాట. వదులుగా కట్టాక నిలువునా పడుకోకుండా కొంచెం మూలగా, తల ఒక పక్కకూ కాళ్లు మరో పక్కకూ పెట్టి పడుకోవాలి. అప్పుడు వీపు అరటిపండులాగా వంగదు, గుడ్డ చదునుగా పరుచుకుంటుంది.

పైకప్పు మరవకూడదు. మబ్బులేని రాత్రి ఆకాశం చుట్టూ ఉన్న గాలికన్నా చాలా చల్లని వస్తువులాగా మన వేడిని వికిరణ రూపంలో లాగుతుంది. మంచు పడేదీ అట్లాంటి రాత్రే. మంచెకు గడ్డి కప్పు వేసినట్లే హామక్ పైన ఒక తాడు కట్టి పట్టా వేయాలి. చల్లగాలి బరువు కనుక పల్లానికి దిగి నిలుస్తుంది. వాగు ఒడ్డున, చెరువు కింద కన్నా కొంచెం మెరకలో కట్టుకోవటం మేలు.

పగలంతా చెమట పట్టిన బట్టలతో పడుకోవద్దు, పొడి బట్టలు మార్చుకోవాలి. మెరిసే రేకు కాగితాలు వీపు కింద పరిస్తే చలి పోతుందని అమ్ముతుంటారు. రేకు వికిరణాన్ని ఆపగలదే గానీ ఒంటికి అణిగి ఉన్నచోట వహనాన్ని ఆపలేదు. నేలచాపలు వేసుకునేవారు భుజాల దగ్గర అడ్డంగా మరో ముక్క పెట్టుకోవాలి, ఎందుకంటే హామక్ గుడ్డ భుజాలను రెండు వైపుల నుంచీ నొక్కుతుంది. రాత్రి భోజనం కడుపునిండా తినాలి. పల్లీలు, బెల్లం దగ్గర పెట్టుకుంటే ఇంకా మంచిది. పొయ్యిలో కట్టె లేకుండా మంట ఎక్కడిది?

రెండు సంగతులు మాత్రం గట్టిగా చెప్పాలి. మందు తాగితే వెచ్చగా ఉంటుందన్నది పచ్చి అబద్ధం. చర్మం కింది రక్తనాళాలు వెడల్పయి ముఖం వెచ్చబడుతుంది, లోపలి వేడి మరింత వేగంగా బయటికి పోతుంది. ఇక మూసిన గదిలో, గుడారంలో బొగ్గుల కుంపటి పెట్టుకుని పడుకోవటం చావును పక్కలో పెట్టుకోవటమే. కార్బన్ మోనాక్సైడుకు రంగు లేదు, వాసన లేదు. నిద్రలోనే మనిషి పోతాడు. యానోమామివారు నిప్పు పక్కన పడుకుంటారని మనం నైలాను హామక్ కింద మంట పెట్టకూడదు. వారిది గాలి ఆడే ఇల్లు, మనది నిప్పురవ్వ తగిలితే కరిగిపోయే గుడ్డ.

మన ముందున్న పని

హామక్‌లు డబ్బున్న పిల్లల సరదా, దాని గురించి ఇంత చర్చ దేనికని ఒక మిత్రుడు అడిగాడు. సరదాయే కావచ్చు. కానీ ఆ సరదా బయటపెట్టిన నిజం సరదా కాదు. నాపరాయి నేల మీద పలచటి జంపఖానా ఒకటి వేసుకుని పడుకునే హాస్టలు పిల్లలు మన రాష్ట్రాల్లో ఎంతమంది లేరు? రాయి వేడిని గాలికన్నా యాభై రెట్లకు పైగా వేగంగా లాగేసుకుంటుంది. వాళ్లకు జనవరిలో దుప్పట్లు పంచి ఫోటోలు దిగుతాం. ఆ పిల్లవాడికి కావలసింది రెండో దుప్పటి కాదు, మొదటి చాప. బస్టాండులో అరుగుల మీద పడుకునే కూలీకి, చేను కాపలాకు పోయే రైతుకు కావలసిందీ అదే. మంచి మనసుతో ఇచ్చేదాన్ని కొంచెం తెలివితో ఇస్తే అదే డబ్బుకు రెండింతల నిద్ర కొనవచ్చు.

అందుచేత విద్యార్థి సంఘానికి మూడు సూచనలు చేస్తున్నాను. మొదటిది, ఇకమీదట క్యాంపులకు, ఎక్స్‌కర్షన్‌లకు ఇచ్చే సామాన్ల పట్టికలో దుప్పటి కన్నా ముందు చాప లేక బొంత అని రాయాలి. రెండోది, ఏటా సంఘం తరఫున పంచే దుప్పట్లకు పెట్టే డబ్బులో సగం కింద పరిచేవాటికి కేటాయించాలి. వాటిని ఊళ్లలో బొంతలు కుట్టే ఆడవాళ్ల దగ్గర, గొంగళ్లు నేసే కురుమల దగ్గర కొంటే మరీ మంచిది. ఉన్నిలేని నెల్లూరు జాతి గొర్రెలు పెరిగి, నల్ల ఉన్ని గొర్రెలు తగ్గి, ఆ మగ్గాలు ఒక్కొక్కటే ఆగిపోతున్నాయి. కొనేవాడు ఉంటేనే నేసేవాడు ఉంటాడు.

మూడోది మా భౌతికశాస్త్ర అధ్యాపకులకు మనవి. మన ప్రయోగశాలలో లీ డిస్కు పరికరం ఉంది. ఏళ్ల తరబడి అందులో అదే అట్టముక్క పెట్టి, సీనియర్ల రికార్డులోని అదే విలువను మేమూ రాస్తున్నాం. ఒక సంవత్సరం అట్ట తీసేసి గొంగడి ముక్క పెడదాం. తరువాత బొంత ముక్క, మింక్ బ్లాంకెట్ ముక్క, నేలచాప ముక్క పెడదాం. ఒకసారి బరువు పెట్టి, ఒకసారి పెట్టకుండా కొలుద్దాం. అణిగినప్పుడు ఏ గుడ్డ ఎంత నిరోధాన్ని పోగొట్టుకుంటుందో మన చేతులతో మనమే లెక్కకడదాం. ఏ రికార్డునుంచీ ఎక్కించటానికి వీలులేని విలువలు వస్తాయి. అవి పల్లెకు తీసుకుపోతే మా నాయనమ్మ ఒకవేళ నవ్వవచ్చు, ఇది తెలుసుకోను మూడేళ్లు పట్టిందా కొడుకా అని. నవ్వినా ఫరవాలేదు. ఆమెకు తెలిసింది ఎందుకు నిజమో చెప్పే పని మనది. మనం చదివింది ఎక్కడ పనికొస్తుందో చూపే పని ఆమెది. ఈ ఇద్దరూ కలవకపోతే చదువుకున్నవాడు రెండు రగ్గులు కప్పుకుని వణుకుతూనే ఉంటాడు, చదువులేనివారి తెలివి గొంగడితోపాటు మూలన పడుతుంది.

వచ్చే డిసెంబరు క్యాంపుకు ఇంకా వ్యవధి ఉంది. సంఘ కార్యవర్గం వారు ఈ పేజీని చదివి పక్కన పెట్టక, చాపల లెక్క ఇప్పుడే రాసుకుంటారని ఆశిస్తున్నాను.